హోటల్ ఉద్యోగానికి గ్రూప్ ఇంటర్వ్యూ: అక్కడ నిజంగా చూసేదేమిటి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు మొదట చెబుతాను. మీరు జగిత్యాలలో పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ పూర్తిచేసి, ఒక హోటల్లో ఆరు నెలలు ట్రైనింగ్ చేశారు. త్వరలో తెరవబోయే ఒక ఫైవ్ స్టార్ హోటల్ వారు ఫ్రంట్ ఆఫీస్ (అతిథులకు గదులిచ్చే రిసెప్షన్ విభాగం), రెస్టారెంట్ ఉద్యోగాలకు మిమ్మల్ని మరో పదకొండు మందితో కలిపి గ్రూప్ ఇంటర్వ్యూకు పిలిచారు. ఇంగ్లీషు తడబడుతుందని, నగరంలో చదివినవాళ్ల మధ్య మీ గొంతు లేవదని మీ భయం. ఇది కాక, దుబాయ్ హోటళ్ల ఇంటర్వ్యూ ఇప్పిస్తానంటూ ఒక ఏజెంట్ ముందే డబ్బు కట్టమంటున్నాడని కూడా రాశారు. నేను ఫ్రంట్ ఆఫీస్‌లో చేరి, తరువాత ట్రైనింగ్ విభాగానికి మారి, ఇరవై రెండేళ్లుగా ఈ రంగంలోనే ఉన్నాను. గత పదేళ్లలో హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఇలాంటి ఇంటర్వ్యూలలో మార్కులు వేసే పనిలో చాలాసార్లు కూర్చున్నాను కాబట్టి, బల్లకు ఇవతలి వైపు నుంచి కనిపించేది చెప్పగలను.

అసలు హోటళ్లు ఒక్కొక్కరినీ పిలవకుండా గుంపుగా ఎందుకు పిలుస్తాయన్నది ముందు తెలియాలి. మన దేశంలో పెద్ద హోటళ్లలో గదికి ఒకరికి మించి సిబ్బంది ఉండడం మామూలు. అంటే రెండు వందల యాభై గదుల హోటల్ తలుపులు తెరిచే నాటికి అంతకంటే ఎక్కువ మంది చేరి, శిక్షణ పొంది, యూనిఫాం వేసుకుని సిద్ధంగా ఉండాలి. అందరినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడాలంటే నెలలు పడుతుంది. అయితే సమయం కలిసిరావడం ఒక్కటే కారణమైతే రాతపరీక్ష పెట్టుకోవచ్చు. మా పనిలో ఒంటరిగా చేసేది దాదాపు ఏదీ లేదన్నది అసలు కారణం. ఒక పెళ్లి రిసెప్షన్‌లో ఎనిమిది వందల మంది ఒక్కసారిగా బఫే దగ్గరికి వచ్చినప్పుడు, వంటగది నుంచి అన్నం ఆలస్యమైతే, వడ్డించే స్టీవార్డ్ తన పైనున్న కెప్టెన్‌కు చెప్పాలి, కెప్టెన్ షెఫ్‌తో గొడవపడకుండా మాట్లాడాలి, ఈలోగా వరుసలో నిలబడిన పెద్దాయనకు ఎవరో ఒకరు కుర్చీ వేయాలి. ఆ ముగ్గురిలో ఎవరు గొప్పవారని అతిథి చూడడు, తనకు అన్నం వచ్చిందా లేదా అనే చూస్తాడు. ఒంటరిగా ఎదుట కూర్చుని అందంగా మాట్లాడిన మనిషి, పక్కవాళ్లతో కలిసి పనిచేయాల్సిన చోట ఎలా ఉంటాడో చూడడానికి గుంపును మించిన సాధనం మాకు లేదు.

అందుకని సాఫ్ట్‌వేర్ కంపెనీల ప్రవేశాలకు కోచింగ్ సెంటర్లలో నేర్పే గ్రూప్ డిస్కషన్ పద్ధతిని అలాగే ఇక్కడికి తెచ్చుకోవద్దని నా సలహా. అక్కడ వాదనలో నెగ్గడం పనికొస్తుందేమో గానీ, ఇక్కడ మీ పక్కన కూర్చున్న పదకొండు మంది రేపు మీతో షిఫ్టులో ఉండబోయేవారు, లేదా మీ ఎదుట నిలబడే అతిథులు అనుకుని మేము చూస్తాము. వారితో మీరు మెలిగే తీరే ఆ రోజు మీ పరీక్ష. తక్కినవన్నీ దాని తరువాతే.

ఆ రోజు ఎలా నడుస్తుందో చెబుతాను. ప్రతి హోటల్‌లోనూ వరుస ఒకటే కాదు గానీ, సంతకం పెట్టించుకుని దరఖాస్తు ఫారం నింపించడం, హోటల్ గురించి హెచ్‌ఆర్ వారు కాసేపు మాట్లాడడం, అందరూ తమను తాము పరిచయం చేసుకోవడం, ఒక సమస్య ఇచ్చి గుంపుగా చర్చించమనడం, అతిథి పాత్రలో మేము నటిస్తూ మిమ్మల్ని జవాబు చెప్పమనడం, మిగిలినవారితో విడిగా పది నిమిషాలు మాట్లాడడం సాధారణంగా ఉంటాయి. మధ్యలో కొందరిని పంపించివేయవచ్చు కూడా. వంటగదికి వచ్చేవారికి వీటితో పాటు కూరగాయలు తరగడం, ఆమ్లెట్ వేయడం వంటి ట్రేడ్ టెస్ట్ ఉంటుంది. అది మీకు సంబంధించినది కాదు కాబట్టి వదిలేస్తున్నాను.

హోటల్‌కు ఏ ద్వారం నుంచి వెళ్లాలో పిలుపు సందేశంలో చూసుకోండి. ఉద్యోగార్థులను చాలా హోటళ్లు వెనుకవైపు సిబ్బంది ద్వారం నుంచి, సిబ్బంది రాకపోకలు నమోదుచేసే టైమ్ ఆఫీస్ మీదుగా రమ్మంటాయి. అది చదవకుండా నేరుగా లాబీలోకి వచ్చి, అక్కడి డోర్‌మన్ వెనక్కి వెళ్లమంటే ముఖం చిట్లించుకునేవారిని నేను చాలామందిని చూశాను. టైమ్ ఆఫీస్‌లోని సెక్యూరిటీ మనిషి, ఫారాలు పంచే ట్రైనీ, సిబ్బంది క్యాంటీన్‌లో టీ పోసే అబ్బాయి, వీళ్లెవరూ మార్కులు వేయరు. కానీ మధ్యాహ్నం మేము జాబితా ముందేసుకుని కూర్చున్నప్పుడు, "ఆ నీలం చొక్కా అబ్బాయి గేటు దగ్గర నన్ను ఏకవచనంలో పిలిచాడు సార్" అన్న మాట టైమ్ ఆఫీస్ నుంచి వచ్చిందంటే, ఆ అభ్యర్థి గురించి ఇక ఎవరూ మాట్లాడరు. దొంగచాటుగా పరీక్షించడం నాకు ఇష్టం ఉండదు. అయితే మనుషులను అంతస్తును బట్టి పలకరించేవారు ఈ వృత్తిలో ఇమడరన్నది మాత్రం నేను ఒప్పుకుంటాను.

గ్రూమింగ్ గురించి కాలేజీలో మీకు బాగానే నేర్పి ఉంటారు. జుట్టు బిగించి ముడి, చిన్న కమ్మలు, కత్తిరించిన గోళ్లు, పాలిష్ పట్టిన నల్ల బూట్లు, ఇస్త్రీ బట్టలు, ఘాటు లేని సెంటు ఉంటే చాలు. ఇప్పుడు కొన్ని హోటళ్లు మగవారికి చక్కగా దిద్దిన గడ్డాన్ని అనుమతిస్తున్నాయి గానీ, ఇంటర్వ్యూకు గీసుకుని వెళ్లడమే మేలని మీతో వచ్చే స్నేహితులకు చెప్పండి. కొత్త బూట్లు అదే రోజు మొదటిసారి తొడుక్కుంటే కాలు కరిచి, రెండో గంటకు ముఖంలో చిరునవ్వు పోతుంది. వారం ముందు నుంచే వేసుకుని తిరగండి.

పరిచయానికి సాధారణంగా ఒక నిమిషం ఇస్తారు. పన్నెండు మందిలో ఎనిమిది మంది పేరు, ఊరు, తండ్రి ఉద్యోగం, చదువు, పాటలు వినడం అనే వరుసలో ఒకే పాఠం అప్పజెబుతారు, సగం మంది "అతిథి దేవో భవ" అంటారు. ఆ మాట మీద నాకు గౌరవం లేక కాదు. ఒకే ఉదయం ఆరోసారి విన్నప్పుడు అది చెవిన పడదు. దానికి బదులు మీ ఆరు నెలల ట్రైనింగ్‌లో మీరు స్వయంగా చేసిన ఒక చిన్న పని చెప్పండి. రోజుకు ఎన్ని గదులు సర్దేవారో, అల్పాహారం వేళ ఎన్ని టేబుళ్లు చూసుకునేవారో, ఒక అతిథి కోపంగా వచ్చినప్పుడు మీరేం చేశారో రెండు వాక్యాల్లో చెబితే, మీరు నిజంగా ఆ ఫ్లోర్ మీద నిలబడ్డారని మాకు తెలుస్తుంది. ఇంతకంటే ముఖ్యమైనది, మిగతా పదకొండు మంది పరిచయం చేసుకుంటున్నప్పుడు మీరేం చేస్తారన్నది. చాలామంది తమ వంతు వచ్చేవరకు పెదవులు కదుపుతూ వల్లె వేసుకుంటూ ఉంటారు. మీరు వాళ్ల పేర్లు వినండి, వీలైతే కాగితం మీద కూర్చున్న వరుసలోనే రాసుకోండి. అరగంట తరువాత చర్చలో పక్కమనిషిని పేరు పెట్టి పిలవగలిగిన వారిని ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్ వెంటనే గుర్తిస్తారు; అతిథి పేరు గుర్తుపెట్టుకుని పలకరించడం ఆ డెస్క్ మీద రోజూ చేసే పని మరి.

ఇక మీ అసలు భయం, ఇంగ్లీషు. ఇందులో మిమ్మల్ని ఓదార్చడానికి అబద్ధం చెప్పను. రిసెప్షన్ డెస్క్‌కు ఇంగ్లీషు కావాలి. విదేశీయులు, ఇతర రాష్ట్రాలవారు, ఫోన్లు, ఈమెయిళ్లు అన్నీ దానిలోనే నడుస్తాయి. అయితే మాకు కావలసిన ఇంగ్లీషు ఎలాంటిదో మీరు అనుకుంటున్నది వేరు. వేగం, యాస, పెద్దపెద్ద మాటలు మేము వెతకము. కొరియా నుంచో జర్మనీ నుంచో వచ్చిన అతిథికి ఇంగ్లీషు తన భాష కాదు, అతనికి వేగంగా మాట్లాడేవారి కంటే నెమ్మదిగా, పూర్తి వాక్యాల్లో, అంకెలూ సమయాలూ స్పష్టంగా పలికేవారే నయం. గది నంబరు, బిల్లు మొత్తం, కారు వచ్చే సమయం, అల్పాహారం ఎన్ని గంటల వరకన్న వివరం, వీటిని తడబడకుండా చెప్పగలిగితే మొదటి ఏడాదికి సరిపడా భాష ఉన్నట్టే. అడిగింది అర్థం కానప్పుడు ఊహించి జవాబు చెప్పకుండా, మర్యాదగా మళ్లీ చెప్పమని అడగగలగడం కూడా భాషే. ఆ ఒక్క వాక్యం నోట రానందువల్ల తప్పు గదికి తప్పు భోజనం వెళ్లిన సందర్భాలు నాకు తెలుసు.

మీకున్న పది రోజుల్లో వ్యాకరణం పుస్తకం తిరగేయవద్దు. రోజూ ఉదయం అరగంట, గొంతెత్తి, ఒక పనిని మొదటి నుంచి చివరి వరకు ఇంగ్లీషులో వర్ణించండి. చెకిన్ ఎలా చేస్తారు, రెండు మంచాల గదిలో దుప్పట్లు ఎలా మారుస్తారు, హైదరాబాదీ బిర్యానీలో పచ్చిమాంసాన్ని సగం ఉడికిన బియ్యం కింద పెట్టి దమ్ వేయడం గురించి తెలియని విదేశీయుడికి ఎలా చెబుతారు, విమానాశ్రయం నుంచి మీ హోటల్‌కు ఎలా రావాలి, ఇలాంటివి. ఫోన్‌లో రికార్డు చేసుకుని మళ్లీ వినండి, ఎక్కడ ఆగిపోయారో ఆ మాట మాత్రం వెతికి నేర్చుకోండి. కంఠస్థం చేసిన పేరాలు మాత్రం వద్దు. గుంపులో ఎవరైనా మధ్యలో ఒక ప్రశ్న వేస్తే అవి తెగిపోతాయి, తరువాత మనిషి మౌనంగా ఉండిపోతాడు. మీ తెలుగు, హిందీల గురించి కూడా ఫారంలో గట్టిగా రాయండి. హైదరాబాదు హోటళ్లలో బ్యాంక్వెట్ (విందుల) వ్యాపారంలో స్థానిక కుటుంబాల పెళ్లిళ్లూ వేడుకలూ చాలా ఉంటాయి. పెళ్లికూతురి నానమ్మతో ఇంగ్లీషులో మాట్లాడే మనిషి అక్కడ ఎవరికీ అక్కరలేదు. ఇంత చెప్పినా, పది రోజుల సాధన తరువాత కూడా ఫోన్‌లో ఇంగ్లీషు జవాబు చెప్పలేకపోతున్నాననిపిస్తే, రెస్టారెంట్ సర్వీసును మొదటి కోరికగా రాయడంలో చిన్నతనం లేదు. అక్కడ రోజుకు వందసార్లు మాట్లాడే అవకాశం దొరుకుతుంది, ఏడాదీ ఏడాదిన్నర తరువాత విభాగం మారినవారు మా దగ్గర చాలామంది ఉన్నారు.

చర్చ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అభ్యర్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మేము తరచుగా ఇచ్చే సమస్య ఒకటి చెబుతాను. రాత్రి పదకొండు గంటలు, హోటల్‌లో మిగిలినవి రెండు గదులు, రిజర్వేషన్ ఉన్న అతిథులు మూడు చోట్ల నుంచి వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డారు. ఒకటి, మరునాడు అదే హోటల్‌లో జరిగే పెళ్లికి వచ్చిన కుటుంబం, వెంట ముసలావిడా చిన్నపిల్లా ఉన్నారు. రెండోవారు ప్రతి నెలా వచ్చి రెండు రాత్రులు ఉండే కంపెనీ అతిథి. మూడోవారు వెబ్‌సైట్‌లో ఒక్క రాత్రికి బుక్ చేసుకున్న ఒంటరి మనిషి. ఎవరికి గది ఇవ్వరు? ఇరవై నిమిషాల్లో అందరూ కలిసి ఒక నిర్ణయానికి రావాలి.

ఇది కల్పించిన ఇబ్బంది కాదు. బుక్ చేసుకున్నవారిలో కొందరు ప్రతిరోజూ రాకుండా ఉండిపోతారు కాబట్టి, ఆ ఖాళీ నష్టాన్ని తప్పించుకోవడానికి హోటళ్లు గదుల కంటే కొద్దిగా ఎక్కువ బుకింగులు తీసుకుంటాయి. ఎప్పుడో ఒక రాత్రి అందరూ వచ్చేస్తారు. అప్పుడు ఒకరిని దగ్గర్లోని అదే స్థాయి హోటల్‌కు పంపుతారు. మా భాషలో దీన్ని "వాక్" చేయడం అంటాము. ఆ గది అద్దె, కారు ఖర్చు మన హోటలే భరించడం, అక్కడికి ముందే ఫోన్ చేసి గది ఖాయం చేయడం, వీలైతే మరునాడు తిరిగి తీసుకురావడం మంచి హోటళ్ల ఆనవాయితీ. సాధారణంగా ఒక్క రాత్రి ఉండే ఒంటరి అతిథినే అడుగుతారు, సామాను తక్కువ, అసౌకర్యం తక్కువ కాబట్టి.

కానీ ఆ జవాబు చెప్పినందుకు మార్కులు పడవు. ఇరవై నిమిషాల్లో పన్నెండు మందిలో దాదాపు అందరూ ముగ్గురిలో ఎవరు ముఖ్యులన్న వాదనలోకి దిగిపోతారు, ఒకరు ముసలావిడ వైపు, ఇంకొకరు కంపెనీ అతిథి వైపు నిలబడి గొంతు పెంచుతారు. మరమ్మతులో ఉందని పక్కన పెట్టిన గది ఏదైనా హౌస్ కీపింగ్ వారు గంటలో సిద్ధం చేయగలరా అని అడిగేవారు అరుదు. ఇంకా అరుదు, "మనం మాట్లాడుకుంటున్నంతసేపూ ఆ చిన్నపిల్లతో ఉన్నవాళ్లు కౌంటర్ ముందే నిలబడి ఉన్నారు, ముందు వాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇద్దాం" అనేవారు. ఇరవై నిమిషాలూ మౌనంగా ఉండి ఈ ఒక్క మాట అన్న అభ్యర్థి పేరు పక్కన నేనూ, నా పక్కనున్న రెస్టారెంట్ మేనేజరూ ఒకేసారి టిక్కు పెట్టిన రోజు నాకు జ్ఞాపకం ఉంది.

మీ గొంతు లేవదన్నారు కదా, ఎన్నిసార్లు మాట్లాడాలని అడిగితే మూడు నాలుగు సార్లు చాలంటాను. అసలు మాట్లాడకపోతే మాత్రం మేము ఏమీ చేయలేము, ఎందుకంటే మా కాగితం మీద రాయడానికి ఏదో ఒకటి కావాలి. మొదటి ఐదు నిమిషాల్లో ఒకసారి నోరు తెరవండి, ఆలస్యమయ్యే కొద్దీ గొంతు బిగుసుకుపోతుంది. తెరవడానికి గొప్ప ఆలోచన అక్కరలేదు. సమస్యలో చెప్పని విషయం ఏముందో అడిగే ప్రశ్న ఒకటి సరిపోతుంది. తరువాత మాట్లాడేటప్పుడు ముందువారి పేరు చెప్పి, వారన్నదాన్ని అరవాక్యంలో గుర్తుచేసి, దానికి మీది జోడించండి. ఇద్దరు ఒకేసారి అరుస్తుంటే మూడోవారిగా అరవకండి. ఒకరు ఊపిరి పీల్చుకునే సందులో, చేయి కొద్దిగా ముందుకు చాపి, నెమ్మదైన గొంతుతో మొదలుపెడితే గది దానంతట అదే సద్దుమణుగుతుంది. కోపంగా ఉన్న అతిథి ముందు కూడా మేము చేసేది ఇదే. సమయం చూడడం, నిర్ణయాలు రాయడం వంటి పనులు తీసుకోవచ్చు, కానీ కాగితం వెనుక దాక్కోవడానికి కాదు. రాసినవారే చివర్లో చదివి వినిపించే అవకాశం అడిగి తీసుకోవాలి.

ఒక జాగ్రత్త. మౌనంగా ఉన్నవారిని చర్చలోకి లాగితే మార్కులు పడతాయని ఈ మధ్య అందరికీ తెలిసిపోయింది. దాంతో ఐదో నిమిషానికల్లా ముగ్గురు నలుగురు పోటీపడి, మూల కూర్చున్న అమ్మాయి వైపు తిరిగి "మీరేమంటారు?" అని పంతులుగారిలా అడిగి, ఆమె జవాబు పూర్తికాకముందే మా వైపు చూస్తారు. ఆ చూపు మాకు కనబడుతుంది. నిజంగా అడగాలనుకుంటే, ఆమె పరిచయంలో చెప్పినదాన్ని పట్టుకుని అడగండి: మీరు బ్యాంక్వెట్స్‌లో ట్రైనింగ్ చేశానన్నారు కదా, పెళ్లివాళ్లు ఇలాంటప్పుడు ఎలా ఉంటారు అని. ఆమెకు చెప్పడానికి ఏదో ఉంటుంది, మీకు వినడానికి కారణం ఉంటుంది.

నేను ఉద్యోగంలో చేరకముందు, పాతికేళ్ల కిందట, ఇలాంటి ఇంటర్వ్యూలోనే ఒక హోటల్ నన్ను వెనక్కి పంపింది. చర్చలో అందరికంటే ఎక్కువ విషయం చెప్పానని ధీమాగా బయటికి వచ్చాను. ఎందుకు తీసుకోలేదో కొన్నేళ్ల తరువాత, ఆ రోజు అక్కడ కూర్చున్న మేనేజర్ ఒకాయన వేరే హోటల్‌లో కలిసినప్పుడు చెప్పారు. మా గుంపులో ఒక అబ్బాయి బఫే అనవలసిన చోట "బఫెట్" అన్నాడట, నేను అందరి ముందు నవ్వుతూ సరిదిద్దానట. నాకైతే ఆ సంగతి గుర్తు కూడా లేదు. "మెనూలో మాట తప్పు పలికిన అతిథిని కూడా అలాగే సరిదిద్దుతావని అనుకున్నాను" అన్నారాయన. ఆ అబ్బాయిని మాత్రం తీసుకున్నారని తరువాత తెలిసింది. మీ గుంపులో మీకంటే ఇంగ్లీషు తక్కువగా వచ్చినవారు కూడా ఉంటారు కాబట్టి ఇది చెబుతున్నాను.

అతిథి ఫిర్యాదు నటన వచ్చినప్పుడు, ఏసీ పనిచేయడం లేదనో, బిర్యానీలో వెంట్రుక వచ్చిందనో, టాక్సీ రాక విమానం తప్పిపోతుందనో మాలో ఒకరు గొంతు పెంచి అరుస్తారు. చాలామంది మొదటి వాక్యంలోనే "అది వంటగది వాళ్ల తప్పు సర్" అంటారు. అతిథి దృష్టిలో వంటగదీ మీరూ ఒకటే హోటల్. పూర్తిగా చెప్పనివ్వండి, మధ్యలో అడ్డుపడకండి, సాకు చెప్పకుండా క్షమించమనండి, ఏం చేస్తారో ఎంతసేపట్లో చేస్తారో చెప్పండి, చేశాక తిరిగి వచ్చి అడుగుతానని చెప్పండి. మీ అధికారంలో లేనిది మాత్రం వాగ్దానం చేయవద్దు. భయంతో "ఈ రాత్రి గది ఉచితం" అనేసినవారిని మేము ఆపి, "ఆ నిర్ణయం మీరు తీసుకోగలరా?" అని అడుగుతాము. డ్యూటీ మేనేజర్‌తో మాట్లాడి పది నిమిషాల్లో మీ దగ్గరికే వస్తానన్న జవాబే సరైనది. వేరుశెనగ అలర్జీ ఉందని చెప్పిన అతిథి ఈ వంటకంలో అవి ఉన్నాయా అని అడిగినప్పుడు, తెలిసినా తెలియకపోయినా "లేవు" అనే అలవాటు ఉన్నవారిని నేను వెంటనే పక్కన పెడతాను. అక్కడ షెఫ్‌ను అడిగి చెబుతాననడం తప్ప మరో జవాబు లేదు. మీ వంతు కానప్పుడు, ఎదుటివారు తడబడుతుంటే నవ్వకండి, ఫోన్ చూడకండి.

హోటల్ గురించి తెలుసుకుని వెళ్లండి, కానీ చరిత్ర వల్లించడానికి కాదు. నోవోటెల్ అకోర్ వారిదనీ, వెస్టిన్ మారియట్ కిందిదనీ, ట్రైడెంట్ ఒబెరాయ్ వారిదనీ తెలిసి ఉండడం కనీస మర్యాద. ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకుందనీ, అక్కడ 101 మంది కూర్చునే భోజనబల్ల ఉందనీ గడగడా చెప్పేవారు కోకొల్లలు. అక్కడికి ఎవరు వస్తారు, ఏం ఆశించి వస్తారు అంటే మాత్రం మాట రాదు. మీరు ఆలోచించవలసింది రెండోదే. హైటెక్ సిటీ వైపు హోటల్ అయితే సోమవారం నుంచి గురువారం దాకా కంపెనీ అతిథులుంటారు, వారికి తొందరగా చెకిన్, సరైన బిల్లు, ఆగకుండా నడిచే వైఫై కావాలి. శని ఆదివారాలు అదే హోటల్ పెళ్లిళ్లతో నిండిపోతుంది. తిరుపతి హోటల్ అయితే తెల్లవారుజామున దర్శనానికి బయల్దేరేవారు, గుండు చేయించుకుని వచ్చిన పిల్లలు, ఉల్లి వెల్లుల్లి లేని భోజనం అడిగేవారు ఉంటారు. విశాఖ బీచ్ రోడ్ అయితే ఇసుక కాళ్లతో లాబీలోకి వచ్చే కుటుంబాలు. మీ హోటల్ ఇంకా తెరవలేదు కాబట్టి ఒక సాయంత్రం ఆ చుట్టుపక్కల నడిచి, దగ్గర్లో ఏ కార్యాలయాలు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లు ఉన్నాయో చూసి రండి. మీ దగ్గరికి ఎవరు వస్తారని మేము అడిగితే, కళ్లతో చూసి చెప్పే జవాబు మీ ఒక్కరిదే అవుతుంది.

విడిగా మాట్లాడేటప్పుడు షిఫ్టుల ప్రశ్న తప్పక వస్తుంది. రాత్రి షిఫ్టు, మధ్యాహ్నం భోజనం వేళా రాత్రి భోజనం వేళా పనిచేసి నడుమ ఖాళీగా ఉండే బ్రేక్ షిఫ్టు, దసరా సంక్రాంతులకు సెలవు దొరకకపోవడం, ఇవన్నీ ఈ ఉద్యోగంలో భాగం. ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడుకుని వెళ్లండి. అన్నిటికీ సరేనని చేరి మూడో నెలలో మానేసేవారి వల్ల మేము పడే ఇబ్బంది అంతా ఇంతా కాదు. రాత్రి షిఫ్టు తరువాత ఆడపిల్లలకు ఇంటి దాకా వాహనం ఇస్తారా అని మీరు అడగడంలో తప్పేమీ లేదు, అడగాలి కూడా. జీతం విషయంలో నెలకు చేతికి ఎంత వస్తుంది, సర్వీస్ చార్జీ వాటా ఉందా, డ్యూటీ భోజనం, వసతి ఇస్తారా, పీఎఫ్, ఈఎస్ఐ ఎలా అన్నవి ఎంపికయ్యాక మర్యాదగా అడగండి. సర్టిఫికెట్ల అసలు ప్రతులు చూపించండి, ఎవరి దగ్గరా వదిలి రాకండి. కొంతకాలం ఉద్యోగం మానకూడదన్న బాండ్ ఉందంటే కాగితం ఇంటికి తీసుకెళ్లి చదివి సంతకం పెడతానని చెప్పండి.

దుబాయ్ ఏజెంట్ సంగతి. గల్ఫ్ హోటళ్లు మన దగ్గరికి వచ్చి ఇలాంటి గ్రూప్ ఇంటర్వ్యూలు పెట్టడం నిజమే, కాబట్టి పైన చెప్పిందంతా అక్కడా పనికొస్తుంది. కానీ ఇంటర్వ్యూలో కూర్చోవడానికే డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. విదేశాలకు ఉద్యోగులను పంపే ఏజెంట్ 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదై ఉండాలి. కేంద్ర విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు, లైసెన్సు నంబరు కొట్టి చూడవచ్చు. అలాంటి ఏజెంట్ తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అదీ రసీదుతో. ముందు విజిట్ వీసా మీద వెళ్లండి, తరువాత అక్కడే మారుస్తామంటే ఆ మాటను అక్కడే ఆపేయండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతుంటాయి. మీ ఏజెంట్ దగ్గరికి వెళ్లే ముందు టామ్‌కామ్ కార్యాలయంలో ఒకసారి కనుక్కోండి.

ఆఖరుగా ఒక సంగతి, ఇది కొత్త హోటళ్లకే వర్తిస్తుంది. ప్రారంభానికి ముందు మొదట మేనేజర్లను, తరువాత సూపర్‌వైజర్లను, మీలాంటి వారిని చివర్లో చేర్చుకుంటారు. లైసెన్సులు, నిర్మాణం ఆలస్యమైతే ప్రారంభ తేదీ జరుగుతూ పోతుంది, దానితో మీ చేరిక తేదీ కూడా. ఎంపికయ్యారని ఫోన్ వచ్చినా, తేదీ రాసిన ఆఫర్ లెటర్ చేతికి వచ్చేవరకు ఇతర ఇంటర్వ్యూలకు వెళ్లడం మానకండి. పది రోజుల దాకా కబురు లేకపోతే హెచ్‌ఆర్‌కు ఒక చిన్న ఈమెయిల్ పంపండి. మీ పేరు, ఇంటర్వ్యూ తేదీ, ఏ విభాగం అన్నవి మొదటి వాక్యంలోనే రాయండి, ఎందుకంటే ఆ వారంలో వారు మీలాంటి మూడు నాలుగు వందల మందిని చూసి ఉంటారు.